మిర్చి సీజన్‌ల బడి సగం ఖాళీ: మన దేశంల పిల్లల హక్కులు నిజంగ అమలైతున్నయా?

ఏటూరునాగారం_సార్:
అన్నలు, అక్కలు, ఒక పంచాయితి తెంపుండ్రి. మొన్న ఒక ట్రైనింగ్‌ల స్టేజీ మీద ఒకాయన మాట్లాడుకుంట, ఐక్యరాజ్యసమితి పిల్లల హక్కుల ఒడంబడికల మన దేశం 1992 డిసెంబర్‌లనే చేరింది, అమెరికా ఇప్పటిదాక ఆమోదించనే లేదు, గీ విషయంల మనం వాళ్లకన్న ముందున్నం అన్నడు. అందరు చప్పట్లు కొట్టిన్రు. నాకైతె చేతులు లేవలే. ఫిబ్రవరి వచ్చిందంటె మా దిక్కు మిర్చి ఏరుడు షురూ అయితది, ఏడో తరగతిల సగం మంది ఉండరు. కొందరు తల్లిదండ్రులతోని చేనుకు పోతరు, ఆడపిల్లలైతె చిన్న తమ్ముణ్ని ఎత్తుకొని ఇంటికాడ ఉంటరు, వాళ్లను ఎవ్వరు బాలకార్మికులు అనరు, ఏ లెక్కల రారు. మేడారం జాతర ఉన్న ఏడైతె ఇంకో వారం అట్లనే పోతది, అది వేరే సంగతి.

ఇదివరకు రిజిస్టర్ల ప్రెజెంట్ వేసి సర్దేటోళ్లు ఉండె. ఇప్పుడు ముఖం స్కాన్ చేసే యాప్ వచ్చింది, ఎవరు రాలేదో పొద్దున్నే పైన అందరికి కనపడ్తది. మరి తెలిసినంక ఏమైతున్నది? అటెండెన్స్ తక్కువ ఉన్నది, వివరణ ఇయ్యండని నాకే మెసేజ్ వస్తది. గంతే. పిల్లల కోసమైతె ఎవ్వరు రారు. నా ప్రశ్న గిదే. చట్టాలు ఉన్నయి, సమాచారం ఉన్నది, అయినా పిల్లలు చేన్లనే ఉన్నరు. పాస్ అంటరా, ఫెయిల్ అంటరా? పార్టీల ముచ్చట మాత్రం తేకుండ్రి.

కేయూ_లా_తమ్ముడు:
సార్ నమస్తే. నేను పాస్ అనే అంటా, డిస్టింక్షన్ కాదు గానీ పాస్. ఎందుకంటే ఎక్కడి నుంచి మొదలుపెట్టామో కూడా చూడాలి కదా. 2005-06 కుటుంబ ఆరోగ్య సర్వేలో 20 నుంచి 24 ఏళ్ల ఆడవాళ్లలో 18 నిండక ముందే పెళ్లయినవాళ్లు 47 శాతం, 2019-21కి వచ్చేసరికి 23 శాతం. పదిహేనేళ్లలో సగం తగ్గింది, ఇంత పెద్ద దేశంలో అది చిన్న సంగతి కాదు. 2001 జనాభా లెక్కల్లో పనిచేసే పిల్లలు కోటీ 26 లక్షలు, 2011లో కోటీ లక్ష. 2010 ఏప్రిల్ నుంచి విద్యాహక్కు చట్టం, 2012లో పిల్లల మీద లైంగిక దాడులకు శిక్ష వేసే పోక్సో, 2016లో బాలకార్మిక చట్టం సవరించి 14 లోపు పిల్లల్ని పనిలో పెట్టుకుంటే ఆరు నెలల నుంచి రెండేళ్ల జైలు. మా తాతల కాలంలో పిల్లాడికి హక్కేంటి అని నవ్వేవాళ్లు. ఇప్పుడు కనీసం మీరు నిలదీయడానికి ఒక చట్టం ఉంది కదా సార్.

పరకాల_పత్తిరైతు:
తమ్మీ, జైలు అంటున్నవు, ఎవరికి జైలు? నాకే కదా. నా చేన్లకు వచ్చేటోళ్లు పిల్లల్ని తోలుకొని వస్తరు, వద్దంటె తల్లి కూడ రాదు. మిర్చి పండినంక చెట్టు మీద ఆగుతదా? వాన పడితె రంగు పోయి తాలుకాయ అయితది, ఎనుమాముల మార్కెట్ల తాలుకు ఏం ధర వస్తదో నీకెరుకనా? పిల్లలు చదువుకోవాలె, నేను కాదంట లేను, నా బిడ్డ హన్మకొండల డిగ్రీ చదువుతున్నది. కానీ బడి టైమింగులు, సెలవులు అన్ని పట్నం లెక్కన పెట్టి, కూలోని పిల్ల రాలేదని రైతును దొంగను చేసుడేంది? మంచి ధర ఇయ్యి, కూలి పెంచుత. కూలి పెరిగితె తల్లి ఒక్కతే వస్తది.

ఏటూరునాగారం_సార్:
@పరకాల_పత్తిరైతు అన్నా, మిమ్మల్ని దొంగ అన్నది ఎవరు. కానీ మీ పత్తి సంగతే చూస్తె, ఏరుడు కిలో లెక్కన కదా, పిల్ల ఏరింది తల్లి బస్తాలనే పడ్తది, కాంటా తల్లి పేరు మీదనే అయితది. రేపు లేబర్ ఆఫీసర్ వచ్చి చూసినా పిల్ల పేరు ఎక్కడ ఉండదు. ఆ ఎక్కువ వచ్చిన కిలోలు మీకే కాదు, ఆ ఇంటికి కూడ అక్కరనే, అది నాకెరుక. అందుకే ఒట్టిగ రైతుదే తప్పు అంటలేను.

హంటర్‌రోడ్_వకీల్:
లా తమ్ముడు సగమే చెప్పిండు. 1992ల మన దేశం చేరినప్పుడు ఒక డిక్లరేషన్ పెట్టింది, అది స్టేజీల మీద ఎవ్వరు చెప్పరు. 32వ అధికరణం, అంటే పిల్లలతో పని చేయించే ముచ్చట, అన్ని రకాల పనులకు ఇప్పటికిప్పుడు కనీస వయసు పెట్టుడు మాతోని కాదు, మెల్లమెల్లగ చేస్తం అని రాసింది. ఆ మెల్లమెల్లగ ఎంతసేపు పట్టిందో చూడండి, అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒప్పందాలు, కనీస వయసు మీద 138, పిల్లలతోని చేయించే అతి ఘోరమైన పనుల మీద 182 ఉంటయి కదా, అవి మనం ఆమోదించింది 2017ల. పాతికేండ్లు.

ఇంక 2016 సవరణల బడి టైం అయినంక, సెలవుల్ల, కుటుంబ పనిల సాయం చేయచ్చని సందు పెట్టిన్రు. ప్రమాదకరమైన పని కాకుంటె చాలు. ఇంటికాడ బీడీలు చేసే పని దేని కిందికి వస్తది, కౌలుకు తీసుకున్న చేను కుటుంబ పనినా కాదా, బడి టైం ఎప్పుడైపోయిందని ఎవడు గడియారం పట్టుకొని నిలబడతడు? చట్టం చేసేటోళ్లకు ఇది తెల్వక కాదు. నేనైతె 35 మార్కులు కూడ వెయ్య.

కేయూ_లా_తమ్ముడు:
@హంటర్‌రోడ్_వకీల్ సార్ ఆ సందు నాకూ నచ్చదు. కానీ ఊళ్లో కుండలు చేసే ఇంట్లో పిల్లాడు సాయంత్రం మట్టి తొక్కితే తండ్రిని స్టేషన్‌కు పిలవాలా? అది కూడా ఆలోచించాలి. ఇంకోటి, విద్యాహక్కు చట్టం సెక్షన్ 8 చదవండి. నిర్బంధం అనేది తల్లిదండ్రుల మీద కాదు, ప్రభుత్వం మీద. పిల్లాడు చేరేలా, రోజూ వచ్చేలా, ఎనిమిదో తరగతి పూర్తిచేసేలా చూడాల్సింది ప్రభుత్వం. సెక్షన్ 9లో స్థానిక సంస్థ ఏం చెయ్యాలో రాసి ఉంది, వలస కుటుంబాల పిల్లల్ని చేర్పించడం కూడా అందులో ఉంది. అంటే మన గ్రామపంచాయతీ.

సుల్తానాబాద్_బైపాస్:
వలస కుటుంబాల పిల్లలు అన్నరు కాబట్టి చెప్తున్న. మా పెద్దపల్లి జిల్లకు ఒకసారి రండి తమ్మీ, ఇటుక బట్టీల కాడికి. ఒడిశా నుంచి, బలంగీర్, నువాపడ దిక్కు నుంచి నవంబర్ల దిగుతరు, మళ్ల జూన్‌ల పోతరు. అక్కడనే అడ్వాన్స్ తీసుకొని వస్తరు, ఇక్కడ వెయ్యి ఇటుకలకు ఇంత అని లెక్క. కుటుంబం మొత్తం చేస్తేనే ఆ అడ్వాన్స్ తెగుతది. మా ఇంటికి దగ్గర్ల ఒక బట్టీ ఉన్నది, పొద్దు పొడవక ముందే పని నడుస్తది. తండ్రి మట్టి తొక్కి అందిస్తడు, తల్లి అచ్చుల కొట్టి వరసగ పోస్తది, ఆరేడేండ్ల పోరగాళ్లు పచ్చి ఇటుకల వరసల నడుమ నడుచుకుంట ఒక్కొక్కటి తిప్పి నిలబెడ్తరు. పిల్లలే ఎందుకు అని ఒకసారి మేస్త్రిని అడిగిన. పెద్దోళ్లు నడిస్తె ఇటుక పలుగుతది సార్, వీళ్లు తేలిక కదా అన్నడు. నవ్వుకుంట చెప్పిండు. ఆ నవ్వు చూస్తె నాకు ఒళ్లు మండింది గానీ ఏమనను, నేను బట్టీ ఓనర్‌ను కాదు, ఆఫీసర్‌ను కాదు.

న్యాయంగ చెప్పాలంటె కొన్ని బట్టీల కాడ వర్క్‌సైట్ స్కూళ్లు పెట్టిన్రు, ఒడియా చెప్పెటోళ్లను పిలిపించిన్రు, ఒడియా పుస్తకాలు కూడ అక్కడి నుంచి వచ్చినయి. రేకుల షెడ్డుల అయినా సరే అది మంచి పని, నేను మెచ్చుకుంట. కానీ ఒడిశాల బడి ఏడాది మొదలయ్యేటప్పటికి ఇంకా ఇక్కడనే ఉంటరు, ఇక్కడ ఏడాది సగం అయినంక వస్తరు. వాడు ఏ బడి పిల్లాడు? ఒడిశాల పేరు ఉంటది మనిషి ఉండడు, ఇక్కడ మనిషి ఉంటడు పేరు ఉండదు.

కాజీపేట_జంక్షన్:
మా స్టేషన్ల బిహార్ నుంచి దానాపూర్ ఎక్స్‌ప్రెస్ వచ్చినప్పుడు చూడాలె. పన్నెండు పదమూడేండ్ల పిల్లలు గుంపుగ, వెంబడి ఒకడు ఉంటడు, అడిగితె మామ అంటరు. మామ పేరేంది అంటె ఒక్కొక్కడు ఒక్కో పేరు చెప్తడు. ఆర్‌పీఎఫ్, అంటే రైల్వే రక్షణ దళం వాళ్లు దించిన రోజులు ఉన్నయి, దించని రోజులే ఎక్కువ. ఇసొంటి పిల్లల్ని విడిపించెతందుకు జనవరిల ఆపరేషన్ స్మైల్, జూలైల ఆపరేషన్ ముస్కాన్, ఫొటోలు పేపర్ల వస్తయి. మిగతా పది నెలలు పిల్లలు రైలెక్కరా?

డల్లాస్_హన్మకొండోడు:
అమెరికా పేరు వచ్చింది కాబట్టి దూరుతున్నా. అవును, ఈ ఒడంబడికను ఆమోదించని ఒకే ఒక్క సభ్యదేశం ఇదే, సిగ్గుపడాల్సిన విషయమే. అయినా మా పక్కింట్లో పిల్లాడు చెప్పకుండా వరసగా బడి మానేస్తే స్కూల్ నుంచి ఫోన్, తర్వాత లెటర్, తర్వాత తల్లిదండ్రులను పిలుస్తారు. పిల్లాడి ఒంటి మీద వాతలు కనిపిస్తే టీచర్ రిపోర్ట్ చేయాల్సిందే, చేయకపోతే టీచర్‌కే కేసు. అలాగని ఇక్కడంతా స్వర్గం అనుకోకండి, పొలం పనుల్లో పన్నెండేళ్ల పిల్లలు తల్లిదండ్రుల ఒప్పుదలతో బడి లేని టైంలో కూలికి పోవచ్చని ఇక్కడి కార్మిక చట్టమే చెప్తుంది. పొగాకు చేలల్లో కూడా పనిచేస్తారు. సంతకం వేరు, చేయడం వేరు, రెండు వైపులా.

పరకాల_పత్తిరైతు:
ఇగో చూసిన్రా, అమెరికాల కూడ చేన్లకు పోవచ్చునట 😀

డల్లాస్_హన్మకొండోడు:
@పరకాల_పత్తిరైతు అన్నా అందులో ఆ ముక్కే పట్టుకున్నావా 😀 బడి లేని టైంలో అన్నాను.

నర్సంపేట_ఐసీడీఎస్_అక్క:
నేను బాల్యవివాహాలు ఆపే పనిలనే ఉన్న కాబట్టి నా గోస నేను చెప్పుకుంట. లా తమ్ముడు 23 శాతం అన్నడు, మన తెలంగాణది అదే సర్వేల 23.5. అంటె దేశం సగటు కన్న మనం వెంట్రుకవాసి వెనకనే ఉన్నం. కల్యాణలక్ష్మి ఉన్నది, అమ్మాయికి 18 నిండితెనే లక్షా 116 రూపాయలు, దాంతోని కొందరు తల్లులు ఆగుతున్నరు, అది నేను కండ్లతోని చూసిన. ఇంకొందరు మాత్రం చిన్నప్పుడే గుట్టుగ చేసి, 18 నిండినంక కొత్తగ చేసినట్టు దండలు వేసి ఫొటో దిగి అప్లై చేస్తున్నరు.

పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ వస్తది, మాకు చెప్తరు, పోలీసులను తీసుకొని పోతం. పోయినప్పుడు ఎట్లుంటదో మీకు తెల్వది. ఒక ఊర్ల పందిరి వేసి ఉన్నది, డేగిసలు పొయ్యి మీద ఉన్నయి, పదో తరగతి పిల్లకు అప్పటికే పసుపు పూసిన్రు. నేను బోనఫైడ్ తీసి పుట్టిన తారీకు చూపెడితె తండ్రి తల వంచుకున్నడు, తల్లి మాత్రం నా చెయ్యి పట్టుకొని, మేడం మేకను కోసినం, రెండొందల మందికి వండుతున్నం, ఇప్పుడు ఏం చెయ్యమంటవ్ అని ఏడ్చింది. పిల్ల ఏమన్నదో ఎవ్వరు అడగలే. నేను పక్కకు తీసుకపోయి అడిగితె, పరీక్ష ఫీజు కట్టిన మేడం, హాల్ టికెట్ ఇస్తరా అన్నది. ఆ రోజు లగ్గం ఆగింది, తల్లిదండ్రులతోని రాయించుకున్నం, పిల్ల పరీక్షలు రాసింది. ఎండకాలం సెలవుల్ల ఇంకో జిల్లల మేనత్త ఇంటికాడ చేసేసిన్రు. రికార్డుల ఆ లగ్గం ఆపినట్టే ఉన్నది.

1098ని 2023ల సంస్థల చేతుల నుంచి ప్రభుత్వం తీసుకొని ఎమర్జెన్సీ నంబర్ 112తోని కలిపింది. మంచిదో చెడ్డదో పెద్దోళ్లు చెప్పాలె, మాకైతె ఫోన్ వస్తున్నది, పోతున్నం. ఆపినంక ఆ పిల్లను రెండేండ్లు ఎవరు చూసుకోవాలె, ఇంటర్ల ఎవరు చేర్పియ్యాలె, ఆడపిల్లల సర్కారు హాస్టల్ బడి కేజీబీవీల సీటు ఎవరు అడగాలె, అది మాత్రం ఎవ్వరి డ్యూటీల లేదు. సార్ అన్నది అదే కదా, తెలిసినంక ఏమైతది అని.

ఇంకోటి కూడ చెప్పి పోత. ఐదేండ్ల లోపు పిల్లల్ల వయసుకు తగ్గ ఎత్తు లేనోళ్లు తెలంగాణల 2015-16ల 28 శాతం ఉంటె 2019-21కి 33 శాతం అయిన్రు. తగ్గలే, పెరిగిన్రు. తిండి కూడ పిల్లల హక్కే కదా.

నయీంనగర్_పేరెంట్:
అందరు పేదోళ్ల పిల్లల గురించే మాట్లాడుతున్నరు. ఒడంబడికల 18 లోపు అందరు పిల్లలే. మా దిక్కు కాలేజీ హాస్టళ్లల్ల 16, 17 ఏండ్ల పిల్లలకు తెల్లారకముందే స్టడీ అవర్, రాత్రి పది దాటినంక ఇంకో స్టడీ అవర్, ఆదివారం టెస్ట్. ఆట లేదు, ఇంటికి ఫోన్ వారానికి ఒకసారి. మా పెద్దోన్ని అట్లనే చదివించినం. 2019ల ఇంటర్ రిజల్ట్స్ గందరగోళం అప్పుడు ఇరవై మందికి పైగ పిల్లలు ప్రాణాలు తీసుకున్నరు, అది ఎవరి హక్కుల లెక్కల రాయాలె?

సుల్తానాబాద్_బైపాస్:
@నయీంనగర్_పేరెంట్ బట్టీల పిల్లలకు, ఏసీ క్యాంపస్ పిల్లలకు పోలికనా మేడం. ఫీజు మీరే కట్టి మీరే తాళం వేయిస్తున్నరు.

నయీంనగర్_పేరెంట్:
పోలిక పెట్టలే అన్నా. హక్కు ఒక్కటే అన్న. మీ బట్టీ ఓనర్ పిల్లాడు కూడ మా పిల్లాడి హాస్టల్లనే ఉండచ్చు.

గురుకులం_పాత_విద్యార్థి:
హాస్టల్ అనంగనే నేను ఒక మాట చెప్తా. నన్ను మనిషిని చేసింది గురుకులం, కాబట్టి ఫెయిల్ అని నేను అనలేను. మా నాన్న సింగరేణిలో కాంట్రాక్ట్ కార్మికుడు, గురుకులం లేకపోతే నేను కూడా అక్కడే తట్ట మోసేవాన్ని. అయినా అప్పుడు మెస్సులో ఏం పెట్టిండ్రో నాకు తెలుసు, నీళ్లచారుకు వార్డెన్‌ను తిట్టుకునేటోళ్లం, ఆయన చేతికి వచ్చే పైసలు ఎంతో మాకేం తెలుసు. 2024 చివర్లో డైట్ చార్జీలు 40 శాతం పెంచిండ్రు, మూడు నుంచి ఏడో తరగతి పిల్లలకు నెలకు 950 ఉన్నది 1330 అయింది. మంచిదే, కానీ లెక్క కట్టండి, రోజుకు నలభై నాలుగు రూపాయలు, అందులో టిఫిన్, రెండు పూటల అన్నం, గుడ్డు, పండు, సాయంత్రం స్నాక్స్. హన్మకొండ బస్టాండ్‌ల ఒక ప్లేట్ ఇడ్లీ ఎంతో మీకే తెలుసు. పెంచక ముందు ముప్పై రెండు కూడా రాకపోయేది. అదే ఏడు నవంబర్‌లో వాంకిడి ఆశ్రమ పాఠశాల అమ్మాయి తిండి విషమై నిమ్స్‌లో చనిపోయింది. 

హంటర్‌రోడ్_వకీల్:
ఇంకో హక్కు ముచ్చట. ప్రైవేట్ బడులల్ల 25 శాతం సీట్లు పేద పిల్లలకు ఫ్రీగ ఇయ్యాలె అని అదే విద్యాహక్కు చట్టంల ఉన్నది. తెలంగాణ వచ్చినంక ఏండ్లకేండ్లు అది నడవలేదు, కోర్టుల్ల కేసులు నడిచినయి. ఇంకోదిక్కు 2024-25 యూడైస్, అంటే కేంద్రం తీసే బడుల లెక్కల ఒక్క పిల్లాడు కూడ లేని బడులు మన రాష్ట్రంల రెండు వేల పైన ఉన్నయి. ప్రైవేట్ల ఉచిత సీటు లేకపాయె, సర్కార్ల పిల్లాడు లేకపాయె.

ఏటూరునాగారం_సార్:
వకీల్ సాబ్, ఆ రెండు వేల బడులు పిల్లలు లేని ఊర్లల్ల ఉన్నయి, మా దిక్కు పిల్లలు ఉన్న గూడేల్ల బడి లేదు. కన్నాయిగూడెం మండలం బంగారుపల్లిల 2024ల కంటైనర్ల బడి పెట్టిన్రు, అడవిల పక్కా బిల్డింగ్‌కు అనుమతులు రావు కాబట్టి. కొందరు నవ్విన్రు, డబ్బాల బడి అని. నేనైతె నవ్వలే. రూల్ అడ్డం వచ్చిందని చేతులు కట్టుకొని కూసోకుండ ఎవరో ఒకరు తొవ్వ వెతికిన్రు కదా. పని అయ్యేది గట్లనే. నాకు కావాల్సింది కూడ గంతే, కొత్త చట్టం వద్దు, కొత్త యాప్ అసలే వద్దు, పిల్ల మూడు రోజులు రాకుంటె నాలుగో రోజు ఆ ఇంటికి పోవాల్సిన మనిషి ఎవరో పేరు రాసి గోడకు అంటించుండ్రి. పంచాయతీ సెక్రెటరీనా, బడుల క్లస్టర్ చూసే సీఆర్పీనా, నేనేనా, ఎవరైనా సరే. నన్నే పొమ్మంటె పోత, ఆ రోజు నా క్లాసు ఎవరు చెప్తరో కూడ రాయుండ్రి.

కేయూ_లా_తమ్ముడు:
సార్ మీరే చెప్పండి మరి, మీ మార్కు ఎంత?

ఏటూరునాగారం_సార్:
చట్టానికి పాస్ మార్కులు వేస్త తమ్మీ, మా మండలానికైతె ఇప్పటికి ఫెయిల్. నువ్వు చెప్పిన ఆ 47 నుంచి 23 నేను కాదంటలేను, మా అమ్మకు పన్నెండేండ్లకు లగ్గం చేసిన్రు, నా బిడ్డ ఎమ్మెస్సీ చదువుతున్నది, ఎంత మారిందో నాకు ఎరుకనే. కానీ సగటు చెప్పి ఏడో తరగతి పిల్లను ఊకుండవెట్టలేను కదా.

పరకాల_పత్తిరైతు:
సార్, నేను ఒకటి అడుగుత. బడికాడనే రాత్రి పండుకునే ఏర్పాటు చేస్తె తల్లిదండ్రులు వదిలిపెట్టి పోతరు. మా ఊరికి చేన్లకు వచ్చేటోళ్లు పిల్లల్ని ముచ్చటకు తీసుకరారు, ఇంటికాడ వండి పెట్టెటోళ్లు లేక తీసుకొస్తరు.

నర్సంపేట_ఐసీడీఎస్_అక్క:
@పరకాల_పత్తిరైతు అన్న మంచి మాట అన్నడు. బడుల కోసం ఉన్న సమగ్ర శిక్ష పథకంల సీజనల్ హాస్టల్ అని ఉన్నది సార్, తల్లిదండ్రులు వలస పోయిన నెలలకు మాత్రమే బడిల తిండి, పడక. మీ బడి కమిటీ తీర్మానం చేసి మండల విద్యాధికారి ఎంఈవోకు పంపిండ్రా ఎన్నడన్న?

ఏటూరునాగారం_సార్:
లేదక్కా, ఇక్కడైతె ఇప్పటిదాక ఎవ్వరు పంపలే. తీర్మానం నమూనా ఎవరి కాడన్న ఉంటె పెట్టుండ్రి, కమిటీ మీటింగ్ పిలుస్త.

సుల్తానాబాద్_బైపాస్:
మా దగ్గర పెట్టిన దరఖాస్తు కాపీ ఉన్నది సార్, ఫొటో పెడ్త. పిల్లల పేర్లు, తల్లిదండ్రులు ఎప్పటి నుంచి ఎప్పటిదాక ఇంటికాడ ఉండరో రాసి లిస్ట్ జతచేయుండ్రి, లేకుంటె వాపస్ వస్తది. ఇంకోటి, దసరా సెలవులు అయిపోంగనే పెట్టుండ్రి. మావోళ్లు జనవరిల పెడితె సంతకాలు తిరిగి తిరిగి శాంక్షన్ వచ్చేవరకు ఎండకాలం సెలవులు ఇచ్చిన్రు.